సన్నాయిలంక షేల్ పదోన్నతి

భూమి లోపల రాళ్ళు కోట్ల ఏళ్ళకి తయారవుతాయని పాఠ్యపుస్తకాల్లో రాస్తారు. ఆ పుస్తకాలు రాసినవాళ్ళెవరూ మా మండలిలో ఉద్యోగం చేసి ఉండరు. మా దగ్గర రాయి ఫైలు మీద సంతకం పడ్డ రోజున తయారవుతుంది. అంతకుముందు అది ఎన్ని యుగాలుగా అక్కడ పడి ఉన్నా ఆఫీసు లెక్కలో లేనట్టే.

మా మండలి పని చమురు వెతకడం. నా పని రాయిని గుర్తుపట్టడం. బావి తవ్వాక అందులోకి తీగకి కట్టి కొన్ని పరికరాలు దించుతాం. అవి పైకి వస్తూ రాతిగోడల నాడి చూస్తాయి. రాయిలో రేడియోధార్మికత ఎంత, బరువు ఎంత, శబ్దం దానిలోంచి ఎంత వేగంగా పోతోంది, కరెంటుకి అది ఎంత అడ్డం పడుతోంది అని నాలుగు కొలతలు, నాలుగు వంకర గీతలుగా పొడుగాటి కాగితం మీద దిగుతాయి. దాన్నే లాగ్ అంటాం. ఆ గీతలు చూసి ఇది ఇసకరాయి, ఇది షేల్ అని చెప్పినందుకు గంధం భాస్కరమూర్తి అనే నాకు జీతం ఇస్తున్నారు.

షేల్ అంటే మరేం లేదు, పూర్వకాలపు బురద అణిగి అణిగి రాయి అయినది. చాలా ఏళ్ళు మా ఆఫీసులో ఆ మాట అపశకునం. చమురు ఇసకరాయిలో దొరుకుతుంది కాబట్టి, ఏం తగిలిందని ఎవరైనా అడిగితే "షేలే సార్" అని తలొంచుకుని చెప్పేవాళ్ళం. విన్నవాళ్ళు పరామర్శకి వచ్చినట్టు మొహం పెట్టి, టీ తాగి వెళ్ళేవారు. ఇంతలో ఎక్కడో పరాయి దేశంలో షేల్ లోంచే నూనె పిండుతున్నారన్న కబురు మా ప్రధాన కార్యాలయానికి చేరింది. దాంతో దేశవ్యాప్తంగా షేల్ మహోద్యమం మొదలైంది. నిన్నటిదాకా షేల్ తగిలితే సంజాయిషీ అడిగినవాళ్ళు, ఇప్పుడు తగలకపోతే అడగడం మొదలుపెట్టారు.

షేల్‌ని నాలుగు గ్రేడులుగా గుర్తించమన్నారు. అంతవరకు నాకూ అభ్యంతరం లేదు. గట్టిగా, పెళుసుగా ఉండి, నూనె నానినది 'ఏ' గ్రేడు. బి, సి వరసగా దానికి తక్కువవి. ఇక డి గ్రేడు షేల్ పైన పడ్డ బరువుకి నీళ్ళు వదలకుండా బిగబట్టుకుని కూర్చున్న రకం. నూనె ఉండదు, లోపల గ్యాసూ ఒత్తిడీ ఉంటాయి. మూత బిగించిన ప్రెషర్ కుక్కర్ లాంటిది. దానిలోకి బావి తవ్వేటప్పుడు బావినిండా బరువైన బురద ద్రవం నింపి ఉంచాలి. బావి తవ్వే రిగ్గు మీద దాన్ని మడ్ అంటారు. బరైటు అనే బరువైన రాతిపొడి కలిపితే మడ్ బరువెక్కి, ఆ బరువు కింది ఒత్తిడిని అణిచి ఉంచుతుంది. పలచటి మడ్‌తో వెళ్ళారా, గ్యాసు బావిలోంచి పైకి తన్నుకొస్తుంది. నిప్పు అందుకుంటే ఇక చెప్పేదేముంది.

మా బావి సన్నాయిలంకలో పడింది. గోదావరి పాయ ఒడ్డున, కొబ్బరితోటల మధ్య చిన్న ఊరు. రిగ్గు కంచెకీ మొదటి ఇంటికీ మధ్య ఒక పశువుల పాక మాత్రమే అడ్డం. ఆ పాకా ఆ ఇల్లూ మంగాయమ్మగారివి. రిగ్గు కుర్రాళ్ళందరికీ ఇడ్లీ, పెసరట్టు ఆవిడ కొట్లోనే. బావి మూడువంతులు దిగేసరికి ఒక దళసరి షేల్ తల తగిలింది. తవ్వకం ఆపి లాగ్ తీసి చూశాను. నిఖార్సైన డి గ్రేడు.

ఆ మాటే రాసి, లాగ్ చుట్ట చంకన పెట్టుకుని, జనరల్ మేనేజరు ముక్కామల నీలకంఠంగారి గదికి వెళ్ళాను. నీలకంఠంగారు సిబ్బంది విభాగంలో పుట్టి అక్కడే పెరిగి పెద్దవారైన మనిషి. మా భూగర్భశాస్త్రవేత్తలిద్దరు ఆ కుర్చీ కోసం ఒకరి మీద ఒకరు అర్జీలు పెట్టుకుంటే, పిల్లుల రొట్టె తగువులో కోతికి దక్కినట్టు కుర్చీ ఆయనకి దక్కింది. సేవా నిబంధనలన్నీ ఆయనకి కంఠతా వచ్చు. రాయిని మాత్రం ఆయన వంటింట్లో రుబ్బురోలుగా తప్ప ఎరగరు.

లాగ్ బల్ల మీద పరిచాను. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చారు.

"మూర్తిగారూ, ఇక్కడ పైనున్న షేల్‌కి బి గ్రేడు ఇచ్చారు. కింద దానికి డి ఇచ్చారు."

"అవును సార్."

"ఈ రెండింట్లో ముందు వచ్చినదేది?"

"కిందదే సార్. పైదానికంటే కొన్ని లక్షల ఏళ్ళు పాతది."

"అంటే సర్వీసులో సీనియర్."

రాయికి సర్వీసు ఉంటుందని నా చదువులో ఎవరూ చెప్పలేదు.

"లక్షల ఏళ్ళు సర్వీసున్న సీనియర్ డి గ్రేడులో మగ్గుతూ ఉంటే, నిన్నగాక మొన్న వచ్చిన జూనియర్ బి గ్రేడులో దాని నెత్తిన కూర్చుందా?" ఆయన గొంతులో నిజమైన బాధ పలికింది. "ఏ నిబంధన కింద మూర్తిగారూ ఇది? రేపు కోర్టుకెళితే మనం నిలబడగలమా?"

"రాయి కోర్టుకెళ్ళదు సార్."

"ఆ మాట అందరి విషయంలోనూ మొదట అలాగే అనుకుంటాం," అన్నారాయన, ఎన్నో కేసులు చూసిన అనుభవంతో.

మర్నాడే సర్క్యులర్ వచ్చింది. "ఇందుమూలముగా సమస్త విభాగములకు తెలియజేయడమేమనగా, శిలల వర్గీకరణ విషయమై ఇకమీదట సేవా నిబంధనలనే ప్రామాణికముగా తీసుకొనవలెను. లోతున నున్న శిల, మీద నున్న శిల కంటె సీనియరుగా పరిగణింపబడును. సీనియరు శిలకు జూనియరు శిల కంటె తక్కువ గ్రేడు ఇచ్చుట నిషిద్ధము. లాగులు ఇందుకు భిన్నముగా చూపినయెడల లాగులను సరిచేయవలెను."

ప్రధాన కార్యాలయం దీన్ని మెచ్చుకుని అన్ని ప్రాంతాలకీ పంపింది. లోతుకి వెళ్ళేకొద్దీ గ్రేడు పెరగడమే తప్ప తగ్గే వీల్లేదు కాబట్టి, ఎంత లోతు తవ్వితే అంత మేలైన షేల్ దొరుకుతుందని గణాంకాలు తేలాయి. షేల్ మహోద్యమం లక్ష్యాలు ఆ వారంలోనే పూర్తయ్యాయి.

ఇదంతా నవ్వుకుని వదిలేద్దును. నాకు నవ్వు రాకపోవడానికి కారణం కుడిపూడి సూర్యచంద్రంగారు. ఆయన సన్నాయిలంక రిగ్గుకి ఇన్‌చార్జి. పెద్ద గొంతు, పొట్టి మనిషి, కోపం ముక్కు మీదే. ఆ ప్రాంతం వారే. సర్క్యులర్ చేతిలో పట్టుకుని నేరుగా నా గదిలోకి వచ్చి పడ్డారు.

"ఏవండీ మూర్తిగారూ, ఏటండి ఈ బాగోతం? నాకు బరైటు కావాలండి. స్టోర్సు వాళ్ళు డి గ్రేడు అని కాయితం తెమ్మంటున్నారు. డి కి తప్ప బరువైన మడ్ శాంక్షన్ లేదంట."

"నేను డి అనే రాశానండి. ఆయన ఒప్పుకోవడం లేదు. సీనియారిటీ అడ్డొస్తోందిట."

"సీనియారిటీయా!" ఆయన కుర్చీలో కూలబడ్డారు. "అక్కడ నా కుర్రాళ్ళు షిఫ్టుకి పాతికమంది ఉన్నారండి. కంచె అవతల మంగాయమ్మగారి పొయ్యి పొద్దస్తమానం మండతానే ఉంటాది. పలచటి మడ్‌తో ఆ షేల్‌లో దిగితే ఏమవుద్దో మీకు తెలుసు, నాకూ తెలుసు. ఈయనకెవరు చెప్తారండి?"

నేనే చెప్తానన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, కొరుకుడు పడక ఎందుకు తంటాలు పడుతున్నావని అడిగాడట. అదే అయింది. నీలకంఠంగారు నా మాట అంతా సావధానంగా విని, షేల్ గ్రేడు గురించి ఏ వివాదం వచ్చినా దానికి తగిన వేదిక శాఖాపరమైన పదోన్నతుల కమిటీయేనని చెప్పి, వెంటనే కమిటీ వేశారు.

కమిటీలో ముగ్గురు. అధ్యక్షులు నీలకంఠంగారు. ఆర్థిక శాఖ తరఫున సరళాదేవిగారు. మూడో సభ్యుడు ప్రధాన కార్యాలయం నుంచి వీడియోలో వచ్చిన ఒక పెద్దాయన. ఆయన మాట వినిపించదు, తల ఊపితే అంగీకారం కింద రాసుకోవాలి. మొదటి ఐదు నిమిషాల్లోనే ఆయన బొమ్మ తల కిందికి వంచిన స్థితిలో బిగుసుకుపోయింది. ఆ తర్వాత తీర్మానాలన్నీ ఏకగ్రీవమే.

షేల్ తాలూకు లాగ్‌ని దాని వార్షిక రహస్య నివేదికగా స్వీకరించారు. ఒక్కొక్క కొలతా చదవమన్నారు. నేను చదివాను.

"రేడియోధార్మికత ఎక్కువ సార్."

"'ఏ' గ్రేడుకి ఎలా ఉండాలి?" అన్నారు సరళాదేవిగారు.

"ఎక్కువే ఉండాలి మేడమ్. బరువు తక్కువ. 'ఏ' గ్రేడుకి కూడా తక్కువే ఉంటుంది. శబ్దం నెమ్మదిగా పోతోంది. అదీ 'ఏ' గ్రేడులో అలాగే ఉంటుంది. కానీ మేడమ్, అసలు కిటుకు ఇక్కడే ఉంది. నూనె నానిన షేల్‌కీ, ఒత్తిడి బిగబట్టిన షేల్‌కీ ఈ మూడు కొలతలూ ఒకేలా ఉంటాయి. తేడా చెప్పేది నాలుగోది. నూనె ఉంటే కరెంటుకి అడ్డం పడాలి. ఉప్పునీరుంటే కరెంటు సులువుగా పోతుంది. ఇక్కడ సులువుగా పోతోంది. దీంట్లో నూనె లేదు, నీళ్ళూ గ్యాసూ ఉన్నాయి."

"నాలుగింట్లో మూడు అనుకూలం," అన్నారు సరళాదేవిగారు రాసుకుంటూ. "డెబ్బై అయిదు శాతం. మా అబ్బాయికి ఇంటర్‌లో ఇంత రాలేదు."

"ఇది పరీక్ష కాదు మేడమ్. నాడి, గుండె, ఊపిరి బాగున్నాయి కానీ పాము కరిచిందంటే..."

"మూర్తిగారూ," నీలకంఠంగారు చెయ్యెత్తారు. "నాలుగోది ప్రతికూల వ్యాఖ్య. సరే. ఆ ప్రతికూల వ్యాఖ్యను సదరు షేల్‌కి తెలియజేశారా?"

"షేల్‌కా సార్?" అన్నాను.

"తెలియజేయని ప్రతికూల వ్యాఖ్యను పదోన్నతికి అడ్డుగా వాడకూడదు. ఇది నేను చెప్పేది కాదు, స్థిరపడిన న్యాయం. దానికి నోటీసిచ్చి, సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇచ్చి, అప్పుడు నిర్ణయిద్దాం. సహజ న్యాయం అందరికీ ఒకటే."

వీడియోలో పెద్దాయన తల వంచే ఉంది. ఏకగ్రీవం.

ఎద్దు ఈనిందంటే దూడని గాటికి కట్టెయ్యమన్నారని సామెత విన్నాను. కట్టేసే పలుపు నా చేతికే ఇస్తారని అనుకోలేదు. నోటీసు డ్రాఫ్టు నేనే రాయాల్సి వచ్చింది. త్రిభాషా సూత్రం ప్రకారం తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో రాశాను. "తమరు కరెంటును అడ్డుకొనుటలో తగినంత శ్రద్ధ కనబరచలేదని రికార్డులను బట్టి తెలియుచున్నది." చిరునామా దగ్గర లోతు మీటర్లలో వేశాం. నోటీసుని ఆఖరి చిరునామాలో అతికించాలన్నది నియమం కనుక, దాన్ని ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, తీగకి కట్టి, బావిలోకి దించాం. పెన్షన్ దగ్గరపడ్డ ఆపరేటరు ఒకాయన ఆ తీగ వదులుతూ నా మొహంలోకి చూడలేదు. నేనూ ఆయన మొహంలోకి చూడలేదు.

తీగ పైకి వచ్చేసరికి తొడుగు చిరిగిపోయి ఉంది. కాగితం లేదు. దానితోపాటు పైకొచ్చిన మడ్ మాత్రం తొట్టిలో బుడగలు కడుతోంది. సూర్యచంద్రంగారు ఆ మడ్ గాజుసీసాలో పట్టుకుని, నన్ను వెంటపెట్టుకుని, కారు దిగుతూనే నీలకంఠంగారి బల్ల మీద పెట్టారు. సీసాలో బుడగలు గబగబా పైకి వస్తున్నాయి.

"ఇదిగోండి సార్ జవాబు," అన్నారు. "గ్యాసండి ఇది. ఇంకా మనం దాని నెత్తి మీదే ఉన్నాం, కడుపులోకి దిగలేదు. అప్పుడే ఇంత కక్కుతోంది. ఇంతకంటే వివరంగా ఎవరు చెప్తారండి?"

నీలకంఠంగారు సీసాకేసి కొంచెం జాలిగా చూశారు. "సూర్యచంద్రంగారూ, సంజాయిషీ రాతపూర్వకంగా ఉండాలి. బుడగల్ని ఫైలులో ఎలా పెట్టమంటారు?"

కమిటీ మళ్ళీ కూర్చుంది. నోటీసు వెనక్కి రాలేదు కాబట్టి అందినట్టే. జవాబు రాలేదంటే, ఇంత సీనియారిటీ ఉన్న శిల తన గురించి తాను చెప్పుకోవడం హుందాతనం కాదనుకుని మౌనం వహించినట్టు. కనుక ప్రతికూల వ్యాఖ్య తొలగించడమైనది. సన్నాయిలంక షేల్‌కి డి నుంచి 'ఏ' గ్రేడుకి పదోన్నతి మంజూరు చేయడమైనది. మధ్యలో బి, సి ఎందుకు దాటించారని సరళాదేవిగారు అడిగితే, ఇన్ని యుగాల జాప్యానికి అది నష్టపరిహారమన్నారు. ఆర్డరు కాపీలతోపాటు మైసూర్‌పాక్ కూడా పంచారు. నేను తినలేదు. తినకపోవడం తప్ప నేను చేసిన ఘనకార్యం ఏమీ లేదని ఆ పూట నా మీద నాకే అసహ్యం వేసింది.

'ఏ' గ్రేడు షేల్‌కి 'ఏ' గ్రేడు మడ్. అంటే పలచటిది. ఆ ఆర్డరూ రిగ్గుకి వెళ్ళింది. సూర్యచంద్రంగారు దాన్ని చదివి, మడిచి జేబులో పెట్టుకుని, రిగ్గు మీద పాత బావి నుంచి మిగిలి ఉన్న బరైటు బస్తాలన్నీ విప్పించి పట్టపగలు తొట్టిలో కలిపించేశారు. నేను ఫోనులో అడిగితే, "వానకి తడిసిపోతున్నాయండి, పారబోయడం ఎందుకని కలిపేశాను," అన్నారు. ఆ రోజు ఆకాశంలో మబ్బుతునక లేదు.

తవ్వకం మళ్ళీ మొదలైంది. నేనూ అక్కడే ఉన్నాను. రెండో రోజు మధ్యాహ్నం భోజనాల వేళకి తొట్టిలో మడ్ మట్టం ఉన్నట్టుండి పెరగడం మొదలుపెట్టింది. మనం పోసినదానికంటే బావి ఎక్కువ తిరిగిస్తోందంటే కిందనుంచి ఇంకేదో తోస్తోందన్నమాట. సూర్యచంద్రంగారు అన్నం ముద్ద విస్తట్లో వదిలేసి పరుగెత్తారు. బావి మూతికి బిగించిన ఉక్కు కవాటాలు మూయించారు. గొంతు చించుకుని మనుషుల్ని ఎక్కడివాళ్ళని అక్కడికి పంపారు. నన్ను చూసి, "మీరు ఊళ్ళోకెళ్ళండి, పొయ్యిలు ఆర్పించండి!" అని కేక వేశారు.

నేను లాగ్‌లు చదివేవాణ్ణి, పరుగెత్తేవాణ్ణి కాను. ఆ రోజు పరుగెత్తాను. మంగాయమ్మగారు చేపల పులుసు దించబోతూ ఉన్నారు. చెంబుడు నీళ్ళు నేనే పొయ్యిలో పోసేశాను. ఆవిడ నన్ను తిట్టబోయి, నా మొహం చూసి ఆగిపోయారు. ఊరు ఊరంతా కాలవగట్టు మీదికి చేరింది. చంటిపిల్లలు, ముసలివాళ్ళు, తాళ్ళు తెంపుకోబోతున్న గేదెలు. సాయంత్రం దాకా కవాటాల వెనకనుంచి గ్యాసుని కొద్దికొద్దిగా దూరపు గొట్టంలోకి పంపి తగలబెడుతూ, బరువైన మడ్‌ని బావిలోకి తోస్తూ, ఆ షేల్‌ని అణిచి కూర్చోబెట్టారు. బావిలో అప్పటికే ఉన్నది పలచటి మడ్ అయి ఉంటే కవాటాలు మూసే వ్యవధి కూడా ఉండేది కాదు. ఇది నా అభిప్రాయం కాదు, లెక్క కట్టి చూశాను.

సూర్యచంద్రంగారు గట్టు మీదికి వచ్చి, చతికిలబడి, మంగాయమ్మగారి దగ్గర మంచినీళ్ళు అడిగి తాగారు. ఆయన్ని చూస్తే నాకు కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

విచారణ జరిగింది. విచారణ కమిటీలో ఉన్నది ఆ ముగ్గురే, మూడోవారి తల ఇంకా వంగే ఉంది. వాళ్ళ తర్కంలో పొల్లు మాట లేదు. బావి పేలిందా? పేలలేదు. పేలలేదంటే ప్రమాదం లేదన్నమాట. ప్రమాదం లేనప్పుడు బరైటు వాడకం దుబారా. పైగా 'ఏ' గ్రేడు షేల్ అలా తన్నదు. తన్నిందని చెప్పడం ఆ గ్రేడు ఇచ్చిన కమిటీని అవమానించడం. కుడిపూడి సూర్యచంద్రంగారిని 'ఏ' నుంచి 'సి'కి రెండు గ్రేడులు తగ్గించి, పాత పైపుల యార్డుకి బదిలీ చేశారు. రిగ్గుకి కొత్త ఇన్‌చార్జిని వేశారు. బావిలో మడ్‌ని సోమవారం నుంచి మంజూరైన బరువుకి పలచన చేయాలని ఆయనకి ఆర్డరు ఇచ్చారు.

ఆదివారం పొద్దున నేను సన్నాయిలంక వెళ్ళాను. ఎవరూ పంపలేదు. మంగాయమ్మగారు పాక ముందు పేడ ఎత్తుతున్నారు.

"ఏటి నాయనా, మళ్ళీ ఏవైనా ఆర్పాలా?"

"అమ్మా, రేపట్నుంచి మడ్ పలచన చేస్తారు. కింద ఉన్నది మంచిది కాదు. మొన్న ఆపగలిగాం. ఈసారి ఆగుతుందని నాకు నమ్మకం లేదు. మీరంతా ఎక్కడికైనా వెళ్ళండి."

ఆవిడ పేడ తట్ట కింద పెట్టారు. "మీ ఆపీసోళ్ళకి తెల్దా?"

"చెప్పానమ్మా."

"సెప్పినా ఇనలేదా?"

"విన్నారు. వాళ్ళ పుస్తకంలో అది మంచి రాయి."

ఆవిడ చెయ్యి కడుక్కుని, ఇంటింటికీ వెళ్ళారు. మధ్యాహ్నానికి ట్రాక్టర్ల మీదా ఆటోల మీదా మూటలెక్కాయి. చుట్టాలున్నవాళ్ళు చుట్టాల ఊళ్ళకి, లేనివాళ్ళు బడి వరండాకి. సాయంత్రానికి ఊళ్ళో కుక్కలు తప్ప ఎవరూ లేరు. ఆఫీసు మాట కాదని నేను చేసిన మొదటి పని అది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

సోమవారం పొద్దున్నే నీలకంఠంగారు పిలిపించారు. మెమో అనుకున్నాను. ఆయన లేచి నిలబడి నా చెయ్యి పట్టుకుని ఊపారు.

"మూర్తిగారూ, అభినందనలు! మీకు తెలియదేమో, మడ్ పలచన చేయడానికి ఒక్క భద్రతా విభాగం మాత్రమే అభ్యంతరం పెట్టింది. చుట్టుపక్కల జనావాసం ఉన్నందున ఒప్పుకోలేమన్నారు. ఇవాళో రేపో పనంతా ఆపించేవారు. ఇంతలో మీ చొరవతో ఊరు ఖాళీ అయింది. జనావాసం సున్నా. అభ్యంతరం ఉపసంహరించుకున్నారు. మీకు ప్రశంసాపత్రం సిఫార్సు చేస్తున్నాను."

నోరు విప్పకుండా ఉంటే ఆగి ఉండే పని. నోరు విప్పి మొదలుపెట్టించాను. కారిడార్లోకి వచ్చి పైపుల యార్డుకి ఫోను చేశాను. సూర్యచంద్రంగారు అంతా విన్నారు.

"పోనీలెండి, ఊరైతే ఖాళీ అయింది. ఇంకెవరున్నారండి అక్కడ?"

"రిగ్గు మీద షిఫ్టు వాళ్ళు."

"మరి వాళ్ళు జనం కాదేటండీ?"

"కాదండి. మాన్యువల్ ప్రకారం వాళ్ళు సిబ్బంది."

"మీరు బండి తియ్యండి. దారిలో నన్నెక్కించుకోండి," అన్నారు.

మేం వెళ్ళేసరికి తొట్టిలోకి గొట్టంతో నీళ్ళు వదులుతున్నారు. నేను కొత్త ఇన్‌చార్జి దగ్గరికెళ్ళి, లాగ్ విప్పి నాలుగో గీత మీద వేలు పెట్టి చెప్పబోయాను. మోటార్ల హోరులో ఆయనకి నా మాట అందలేదు. సూర్యచంద్రంగారు ఎవరికీ ఏమీ చెప్పలేదు. తిన్నగా వెళ్ళి నీళ్ళ వాల్వు కట్టేసి, దాని పిడి ఊడదీసి, పక్కనున్న పంటకాలవలోకి విసిరేశారు. తర్వాత కుర్రాళ్ళకేసి తిరిగి, దిగిపొమ్మని చేత్తో సైగ చేశారు. వాళ్ళు కొత్త ఇన్‌చార్జికేసి చూశారు. ఆయన నా వేలికేసి చూశాడు, లాగ్‌కేసి చూశాడు, తన హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని అందరికంటే ముందు మెట్లు దిగాడు.

సూర్యచంద్రంగారి మీద ఛార్జిషీటు వచ్చింది. కాలవలో పడ్డ పిడి గురించి అందులో ఒక్క ముక్క లేదు. గ్రేడులు తగ్గాక ఆయన సి లో ఉన్నారు, షేల్ 'ఏ'లో ఉంది. కనుక నేరం: పై అధికారి విధులకు ఆటంకం కలిగించుట. సాక్షుల జాబితాలో నా పేరు మొదటిది. ప్రశంసాపత్రం కూడా అదే కవరులో వచ్చింది.

ఆ షిఫ్టులో పాతికమందీ ఆ పూట ఇళ్ళకెళ్ళి అన్నం తిన్నారు. నాకది చాలని రాయాలని ఉంది. చాలదు. కొత్త పిడి పంపమని స్టోర్సుకి ఇండెంటు పెట్టారు.